మీ కెమెరా, మా జవాబు: పాత ఆటోఫోకస్ ఎందుకు తడబడుతుంది?

పోయిన నెల పాత ఫిల్మ్ కెమెరాల గురించి సందేహాలుంటే రాయమన్నాం. వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే చాలామందిది ఒకటే బాధ అని తెలిసింది. బీరువాలోంచో అటక మీంచో తీసిన కెమెరా ఆన్ అవుతోంది, ఫ్లాష్ వెలుగుతోంది, ఫోకస్ మాత్రం కుదరడం లేదు. అందుకే ఈ నెల ఆటోఫోకస్ తప్ప ఇంకేమీ ముట్టుకోవడం లేదు. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడుగైంది, మిగతావాళ్లు కూడా దాన్ని వదిలేయకుండా చదవండి, మీ సమస్య సగం అక్కడే తేలిపోవచ్చు.

ప్రశ్న: సార్, మాది రాజమండ్రి. మా నాన్నగారు స్టూడియో నడిపేవారు. ఆయన పెళ్లిళ్లకు వాడిన నికాన్ ఎఫ్-801, దానికున్న 35-70 లెన్స్ చాలా ఏళ్లుగా లెదర్ కేసులోనే ఉండిపోయాయి. ఈమధ్య కొత్త సెల్లులు వేస్తే ఆన్ అయింది. కానీ బటన్ సగం నొక్కగానే లెన్స్ ముందుకీ వెనక్కీ తిరిగి ఆగిపోతుంది, క్లిక్ పడదు. ఒక్కోసారి మాత్రం బాగానే పడుతుంది. ఒక రిపేరు షాపులో చూపిస్తే లోపల సెన్సర్ పోయింది, ఇక పనికిరాదు అన్నారు. నాన్నగారు ఇప్పుడు లేరు. మాఘమాసంలో చెల్లి పెళ్లి ఉంది, ఆ కెమెరాతో ఒక్క రీలైనా తీయాలని ఉంది.

జవాబు: బాబూ, కెమెరాని పారేయకండి. ‘ఒక్కోసారి మాత్రం బాగానే పడుతుంది’ అని రాశారు చూడండి, ఆ మాట చదవగానే నాకు ధైర్యం వచ్చింది. సెన్సర్ పూర్తిగా పోయిన కెమెరా ఏ రోజూ ఫోకస్ పట్టదు. ఒకసారి పట్టి ఒకసారి పట్టలేదంటే, చాలావరకు దానికి సరిగా కనిపించకపోవడమో, కనిపించినా లెన్స్‌ని తిప్పే బలం చాలకపోవడమో అయి ఉంటుంది.

ముందు అది ఎలా చూస్తుందో చెప్తాను. లెన్స్ తీసి లోపలికి చూస్తే కనిపించే పెద్ద అద్దం మధ్యభాగం కొంత వెలుగుని వెనక్కి పోనిస్తుంది. దాని వెనకాల ఇంకో చిన్న అద్దం ఉంటుంది, అది ఆ వెలుగుని కిందికి, కెమెరా అడుగున ఉన్న సెన్సర్ మీదికి పంపుతుంది. అక్కడ లెన్స్‌లోని రెండు పక్కల నుంచి వచ్చిన వెలుగుతో రెండు చిన్న బొమ్మలు పడతాయి. ఆ రెండిటి మధ్య దూరం కొలిచి, లెన్స్ ఎటు తిరగాలో, ఎంత తిరగాలో కెమెరా లెక్కేసుకుంటుంది. 1988లో వచ్చిన మీ ఎఫ్-801లో ఈ పని చేసే చిన్న చిన్న కళ్లు 200 ఉంటాయి, కానీ అవన్నీ అడ్డంగా ఒకే వరసలో ఉంటాయి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. అడ్డంగా ఉన్న వరసకి నిలువు గీతలు బాగా తెలుస్తాయి, అడ్డగీతలు దాదాపు తెలియవు. తెల్లగోడ, ఉతికిన పంచె, మబ్బులేని ఆకాశం లాంటివైతే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. చీర జరీ అంచు అడ్డంగా ఉంటే లెన్స్ అటూ ఇటూ వెతుక్కుంటూనే ఉంటుంది, అదే కెమెరాని నిలువుగా తిప్పి పట్టుకుంటే వెంటనే ఆగుతుంది. నిలువు గీతల్నీ అడ్డగీతల్నీ రెండిటినీ చూసే సెన్సర్ 1992లో ఎఫ్90తో వచ్చింది, మీ దాంట్లో లేదు.

ఇంకో విషయం. లెన్స్ పక్కన ముందువైపు ఎస్, సి, ఎమ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ఎస్‌లో పెడితే ఫోకస్ కుదిరేదాకా క్లిక్ పడనివ్వదు. అది చెడిపోవడం కాదు, దాన్ని అలాగే తయారుచేశారు.

ఇప్పుడు పరీక్ష. పగటిపూట, మంచి వెలుగులో, గోడకి ఉన్న క్యాలెండర్‌కి ఆరేడు అడుగుల దూరంలో నిలబడండి. స్విచ్ ఎమ్‌లో పెట్టి లెన్స్ రింగుని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) కింది వరసలో చూడండి. బాణం గుర్తులు ఎటు తిప్పాలో చెప్తాయి, ఫోకస్ కుదరగానే గుండ్రటి చుక్క వెలుగుతుంది. చుక్క వెలిగిందంటే కెమెరా కన్ను బతికే ఉంది, షాపువాళ్లు చెప్పింది తప్పు, లోపం మోటారు వైపో లెన్స్ వైపో వెతకాలి. అక్షరాలు మీ కంటికి స్పష్టంగా కనిపిస్తున్నా చుక్క ఎంతకీ వెలగకపోతే లోపం చూపు వైపు ఉన్నట్టు. తర్వాత ఇదే పరీక్ష గుమ్మం నిలువు చెక్క మీద ఒకసారి, గడప మీద ఒకసారి చేయండి. నిలువు చెక్కని పట్టి గడపని పట్టకపోతే కంగారు పడకండి, అది దాని స్వభావం.

లోపం చూపు వైపు అని తేలితే మొదట లెన్స్ చూడండి. లెన్స్ విప్పి వెనకవైపు నుంచి టార్చిలైటు వేసి ముందునుంచి చూస్తే సాలెగూడులాగా సన్నటి పోగులు కనిపిస్తాయేమో. అదే బూజు, ఫంగస్ అంటారు. గోదావరి పక్కన తేమ ఎక్కువ, పైగా లెదర్ కేసు తేమని పీల్చి పట్టుకుంటుంది, ఏళ్ల తరబడి అందులో ఉన్న లెన్స్‌కి బూజు పట్టకపోతేనే ఆశ్చర్యం. పోగులు ఒకటో రెండో ఉంటే ఏమీ కాదు, పొగ కమ్మినట్టు మొత్తం మసకబారితే మాత్రం బొమ్మలో నలుపు తెలుపుల తేడా తగ్గిపోయి కెమెరాకి గీతలు ఆనవు. అలాంటప్పుడు వేరే ఏఎఫ్ (ఆటోఫోకస్) లెన్స్ ఏదైనా ఒక్క పూట అడిగి తెచ్చి పెట్టి చూడండి, సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది. లెన్స్ ముందు ఫిల్టర్ ఉంటే అది కూడా తీసేయండి. దీపాలకి నక్షత్రంలా మెరుపు రావడానికి వాడే స్టార్ ఫిల్టర్, మెత్తగా కనిపించడానికి వేసే సాఫ్ట్ ఫిల్టర్, మెరుపుల్ని తగ్గించే పాత రకం లీనియర్ పోలరైజర్, ఈ మూడూ ఆటోఫోకస్‌ని ఇబ్బంది పెట్టేవే. పోలరైజర్ కావాలంటే సర్క్యులర్ అని రాసి ఉన్నదే కొనండి.

తర్వాత కెమెరా లోపల. పెద్ద అద్దం పైకి లేచి తగిలే చోట మెత్తటి స్పాంజి పట్టీ ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటాక అది నల్లటి జిగురుగా మారి రాలుతుంది, రాలిన ముక్క సరిగ్గా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ కిటికీ మీద పడితే కెమెరాకి ఒక కంట్లో నలుసు పడ్డట్టే. కెమెరాని నోరు కిందికి ఉండేలా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. అద్దాన్ని వేలితో గానీ గుడ్డతో గానీ తాకొద్దు, నోటితో ఊదొద్దు, డబ్బాలో వచ్చే ప్రెజర్ గాలి అసలే వద్దు. వెనకాల చిన్న అద్దం ఉందన్నాను కదా, దాని కోణం వెంట్రుకవాసి మారినా ఫోకస్ ఎప్పుడూ ఒకవైపే తప్పుతుంది, అప్పుడు మంచి మెకానిక్ తప్ప ఎవరూ సరిచేయలేరు.

మోటారు వైపు అయితే మొదటి అనుమానం సెల్లుల మీదే. ఎఫ్-801కి నాలుగు పెన్సిల్ సెల్లులు కావాలి. గడియారంలో వేసే మామూలు సెల్లులు వేస్తే తెర మీద అంకెలన్నీ వస్తాయి కానీ మోటారు తిరగాల్సిన క్షణంలో బలం చాలదు. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి, నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి వేయండి. సెల్లులు పెట్టే చోట పచ్చగా చిలుము గానీ తెల్లటి పొడి గానీ ఉంటే ఇయర్‌బడ్‌కి చుక్క నిమ్మరసం అద్ది తుడిచి, వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి ఆరనివ్వండి. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఉండే ఇత్తడి రంగు చుక్కల్ని కూడా అదే ఆల్కహాల్‌తో తుడవండి. ఇక లెన్స్ తగిలించే రింగు అంచున చిన్న స్క్రూడ్రైవర్ మొనలాంటిది కనిపిస్తుంది, మోటారు బలం దాని ద్వారానే లెన్స్‌కి అందుతుంది. లెన్స్ విప్పే బటన్ నొక్కినప్పుడు అది లోపలికి పోయి, వదలగానే బయటికి రావాలి. చివరగా ఎమ్‌లో పెట్టి లెన్స్ రింగుని ఈ చివర నుంచి ఆ చివర వరకు తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే లోపలి గ్రీజు ఎండిందన్నమాట. రోజూ పది నిమిషాలు మెల్లగా తిప్పితే కొన్ని కాస్త వదులవుతాయి, కానివాటికి లెన్స్ విప్పి గ్రీజు మార్చాలి. పైనుంచి కొబ్బరినూనె, మెషిన్ ఆయిల్ లాంటివి మాత్రం వేయొద్దు, అది పాకి లోపలి రేకులకి అంటుకుంటే లెన్సే పోతుంది.

ఇవన్నీ అయ్యాక ఫోకస్ నిజంగా ఫిల్మ్ మీదే కుదురుతోందా అన్నది రీలు ఖర్చు లేకుండా చూసే దారి ఒకటుంది. వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ జారే రెండు లోపలి పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ ముక్కని బిగుతుగా పరిచి టేపుతో అంటించండి, షట్టర్ రేకుల్ని మాత్రం వేలితో తాకకండి. కెమెరాని స్టాండ్ మీద పెట్టి, క్యాలెండర్ మీద ఆటోఫోకస్ చేసి, లెన్స్ కదలకుండా స్విచ్‌ని ఎమ్‌కి మార్చండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, షట్టర్‌ని బల్బ్‌లో (బటన్ నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరికలో) పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే తలకిందులుగా బొమ్మ కాగితం మీద పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని భూతద్దంతో చూడండి. అక్షరాలు స్పష్టంగా ఉంటే మీ కెమెరా పెళ్లికి సిద్ధం. మసకగా ఉండి, రింగుని కొద్దిగా తిప్పగానే స్పష్టమైతే చిన్న అద్దం కోణం తప్పినట్టు.

ఇప్పుడు పెళ్లి సంగతి. ముహూర్తం ఏ అర్ధరాత్రో ఉంటే ఐఎస్ఓ 400 రీలు (తక్కువ వెలుగు చాలే రకం) వేయండి. నాన్నగారి ఫ్లాష్ ఎస్‌బి-24 అయితే చీకట్లో ఎర్రటి వెలుగు వేసి ఆటోఫోకస్‌కి దారి చూపిస్తుంది, వేరే కంపెనీ మామూలు ఫ్లాష్‌లు చాలావాటిలో ఆ సౌకర్యం ఉండదు. వధువు ముఖం మీద ఫోకస్ కావాలంటే బుగ్గ మీద పెట్టొద్దు, అక్కడ గీతలుండవు. భాసికం మీద పెట్టండి, మెరుపూ గీతలూ అన్నీ ఉంటాయి, కళ్లకి దాదాపు అంతే దూరంలో ఉంటుంది. జీలకర్ర బెల్లం ఘట్టంలో మధ్యలో అడ్డుతెర ఉంటుంది కదా, ఆ బట్ట మీద లెన్స్ వెతుక్కుంటూ ఉండగానే తెర తీసేస్తారు, ఆ చూపులు మళ్లీ రావు. అందుకని ముందే ఫోకస్ చేసి ఎమ్‌కి మార్చి ఉంచుకోండి. తలంబ్రాలప్పుడు కూడా అంతే, గాల్లో బియ్యం ఎగురుతుంటే ఏ పాత ఆటోఫోకసైనా తికమక పడుతుంది. లెన్స్ 35 దగ్గర, ఎపర్చర్ ఎఫ్8, దూరం రెండున్నర మీటర్లు పెట్టుకుంటే సుమారు 1.7 మీటర్ల నుంచి 4.9 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది, ఫోకస్ గురించి ఆలోచించకుండా మనుషుల ముఖాలు చూస్తూ తీసుకోవచ్చు. పెళ్లికి ముందు ఒక రీలు ఇంట్లోనే తీసి కడిగించి చూసుకోండి, ఆ ఒక్క ఖర్చుకి వెనకాడొద్దు.

ప్రశ్న: మేడం/సార్, నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా మామయ్య తన కెనాన్ ఈఓఎస్ 300 నాకు ఇచ్చాడు. మొన్న బతుకమ్మకి రెండు రీళ్లు తీశాను. పూలన్నీ ఒక్కో రేకు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి, బతుకమ్మ ఎత్తుకున్న మా అమ్మ, పెద్దమ్మల ముఖాలు మాత్రం మసక. చీకటి పడ్డాక తీసినవైతే అన్నీ మసకే. కెమెరా చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదమ్మా, పూలు అంత బాగా వచ్చాయంటే నీ కెమెరా ఆటోఫోకస్ ఆరోగ్యంగా ఉన్నట్టే. 1999లో వచ్చిన ఈఓఎస్ 300లో ఏడు ఫోకస్ చుక్కలుంటాయి. ఏ చుక్క వాడాలో దానికే వదిలేస్తే చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్నే, గీతలు ఎక్కువ ఉన్నదాన్నే పట్టుకుంటుంది. ముఖం ముందు తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మ ఉంటే అది ముఖాన్ని ఎందుకు చూస్తుంది? నువ్వు బహుశా ఆకుపచ్చ చదరం గుర్తున్న ఫుల్ ఆటోలో తీసి ఉంటావు, అందులో చుక్కని మనం ఎంచుకోవడం కుదరదు. డయల్ తిప్పి ‘పి’ లో పెట్టు, వెనకవైపు కుడి పైమూలన ఉన్న బటన్ నొక్కి చక్రం తిప్పితే చుక్క మారుతుంది, మధ్య చుక్క ఒక్కటే వెలిగేలా పెట్టుకో. ఆ చుక్కని అమ్మ కళ్ల మీద ఉంచి బటన్ సగం నొక్కి, వదలకుండా కెమెరాని నీకు కావలసినట్టు జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కు. రెండు రోజులు రీలు లేకుండా అలవాటు చేసుకుంటే చేతికి వచ్చేస్తుంది.

చీకటి పడ్డాక తీసినవి మాత్రం వేరే జబ్బు అని నా అనుమానం. ఆ నెగెటివ్‌లని, ప్రింట్లని మళ్లీ ఒకసారి చూడు. ముఖం మసకగా ఉండి దాని ముందో వెనకో ఇంకేదో ఒకటి, గడ్డిపరకో గోడో, స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. ఫోటోలో ఎక్కడా ఏదీ స్పష్టంగా లేకుండా దీపాలు, మెరుపులు అన్నీ ఒకే దిక్కుకి గీతల్లా సాగి ఉంటే చెయ్యి కదిలినట్టు. మనుషులు మాత్రమే సాగి, గోడ బాగుంటే వాళ్లు ఆడుతూ కదిలినట్టు. ఈ మూడూ కలిపి అందరూ ‘ఫోకస్ పోయింది’ అనేస్తారు, మందు మాత్రం మూడింటికీ వేరు. ఐఎస్ఓ 100 రీలుతో సాయంకాలం ఫ్లాష్ లేకుండా తీస్తే షట్టర్ చాలాసేపు తెరుచుకుని ఉంటుంది, బతుకమ్మ ఆడేవాళ్లు అంతసేపు ఆగరు. వచ్చే ఏడాది 400 వేయి, వెలుగు ఉండగానే మొదలుపెట్టు. నీ కెమెరాకి కావలసినవి సిఆర్2 లిథియం బ్యాటరీలు రెండు, రెండూ ఒకేసారి మార్చాలి. లెన్స్ మీద ఏఎఫ్, ఎమ్ఎఫ్ (చేత్తో ఫోకస్) స్విచ్ బ్యాగులో రాసుకుని ఎమ్ఎఫ్‌కి జరిగిపోతూ ఉంటుంది, తీసే ముందు దాని మీద కూడా ఒక కన్ను వేసి ఉంచు.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి అరకుకి అద్దాల రైలు పెట్టెలో వెళ్లాం. జేబులో పట్టే పాత ఆటోఫోకస్ కెమెరాతో కిటికీలోంచి లోయలు తీస్తే దాదాపు అన్నీ మసకగా వచ్చాయి. అదే కెమెరాతో స్టేషన్‌లో దిగి తీసినవి చక్కగా ఉన్నాయి. ఇంకో విచిత్రం, మా తమ్ముడు లాయరు, కోటు వేసుకుని దగ్గరగా నిలబడితే వాడూ మసకే.

జవాబు: మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే, అందుకే నాకు ఈ ఉత్తరం బాగా నచ్చింది. ఇలాంటి చిన్న కెమెరాలు చాలావరకు పైన చెప్పిన నికాన్‌లాగా బొమ్మని చూసి ఫోకస్ చేయవు. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని ఒక చిన్న కిటికీలోంచి ముందుకి పంపి, ఎదుటివాటికి తగిలి వెనక్కొచ్చిన వెలుగుని ఇంకో కిటికీతో అందుకుని, అది ఏ కోణంలో వచ్చిందో చూసి దూరం లెక్కేస్తాయి. 1979లో కెనాన్ ఏఎఫ్35ఎమ్ ఈ పద్ధతితో వచ్చింది, ఆ తర్వాత ఎన్నో కంపెనీలు ఇదే దారి పట్టాయి. ఈ పద్ధతికి చీకటి అడ్డం కాదు, అదే దీని గొప్ప. కానీ రైలు అద్దానికి ఆ వెలుగు తగిలి వెనక్కి వచ్చేస్తే కెమెరా లోయని వదిలేసి అద్దం మీద ఫోకస్ చేస్తుంది. నల్లకోటు విషయంలో తిరగేసి జరుగుతుంది. ముదురు నల్లబట్ట ఆ వెలుగుని మింగేస్తే వెనక్కి ఏమీ రాదు, ఏమీ రాలేదంటే ఎదురుగా ఉన్నది చాలా దూరంలో ఉందనుకుని కెమెరా దూరానికి ఫోకస్ చేసేస్తుంది, దగ్గరున్న తమ్ముడు మసకవుతాడు.

కెమెరా మీద కొండ బొమ్మ ఉన్న బటన్ ఉందేమో చూడండి, అది నొక్కితే కొలత మానేసి దూరానికే ఫోకస్ పెడుతుంది, రైల్లో, బస్సులో, విమానంలో అదే వాడాలి. అది లేకపోతే కెమెరా ముఖాన్ని అద్దానికి పూర్తిగా ఆనించి, ఫ్లాష్ ఆపేసి తీయండి, చాలావరకు కుదురుతుంది. తమ్ముడి విషయంలో కోటు మీద కాకుండా ముఖం మీదో తెల్ల చొక్కా మీదో మధ్య గుర్తు పెట్టి, సగం నొక్కి పట్టుకుని, జరిపి తీయండి. ఇద్దరు పక్కపక్కన నిలబడ్డప్పుడు కూడా ఇదే, మధ్య గుర్తు వాళ్ల మధ్య ఖాళీలోంచి వెనక గోడకి పోతే గోడ స్పష్టంగా, మనుషులు మసకగా వస్తారు. మన ఇళ్లలోని పాత ఆల్బమ్‌లలో ఇలాంటి దంపతుల ఫోటోలు ఎన్నో ఉంటాయి.

ఆ చిన్న కిటికీల మీద వేలిముద్ర పడ్డా కొలత తప్పుతుంది, మెత్తటి బట్టతో తుడుస్తూ ఉండండి. ఇన్‌ఫ్రారెడ్ అసలు వెలుగుతోందా అని తెలుసుకోవాలంటే చీకటి గదిలో ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, దాని ముందు మీ కెమెరా పెట్టి బటన్ నొక్కండి. టీవీ రిమోట్ వెలిగినట్టే ఊదా తెలుపు మెరుపు ఫోన్ తెర మీద కనిపిస్తే ఆ భాగం బాగున్నట్టే. కొన్ని కెమెరాలు సగం నొక్కినప్పుడు, కొన్ని పూర్తిగా నొక్కినప్పుడు వెలిగిస్తాయి, రీలు లేకుండా రెండూ ప్రయత్నించండి. కొన్ని ఫోన్లు ఈ వెలుగుని చూడలేవు, కాబట్టి ముందు రిమోట్‌తో ఫోన్‌ని పరీక్షించుకోండి.

ప్రశ్న: నమస్కారం అండీ. మేము న్యూజెర్సీలో ఉంటాం. నాన్నగారు 1986లో ఇక్కడికి వచ్చిన కొత్తలో కొనుక్కున్న మినోల్టా మాక్సమ్ 7000 ఇప్పుడు నా దగ్గరుంది. దాని లెన్స్ కింద పడి పగిలితే, సోనీ లెన్స్‌లు కూడా దానికి పడతాయని ఎవరో చెప్పగా 18-55 సోనీ లెన్స్ ఒకటి పాతది కొన్నాను. చక్కగా బిగిసింది కానీ ఆటోఫోకస్ ఉలుకూ పలుకూ లేదు. కెమెరా మోటారు పోయిందా?

జవాబు: పోలేదండీ, ఆ లెన్స్ మీద ‘ఎస్ఏఎమ్’ అని అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే మోటారు ఆ లెన్స్ లోపలే ఉంటుంది, కెమెరా కరెంటుతో దానికి ఆజ్ఞ పంపాలి. మీ 7000 మోటారు కెమెరాలో ఉంటుంది, అది చిన్న స్క్రూడ్రైవర్ మొనతో లెన్స్‌ని తిప్పుతుంది. ఆ మొన దూరే గాడి మీ కొత్త లెన్స్ వెనక ఉండదు. తిప్పడానికి కెమెరా సిద్ధంగానే ఉంది, పట్టుకోవడానికి లెన్స్‌కి పిలకే లేదు. ‘ఎస్ఎస్ఎమ్’ అని ఉన్నవాటితోనూ మీకు ఇదే ఇబ్బంది. పైగా 18-55 చిన్న డిజిటల్ సెన్సర్ కోసం చేసింది, ఫిల్మ్ మీద మూలలు నల్లగా వస్తాయి. తిరిగి ఇచ్చేయగలిగితే ఇచ్చేయండి.

మినోల్టా కెమెరా వ్యాపారం 2006లో సోనీ చేతికి వెళ్లింది, లెన్స్ బిగించే పద్ధతిని సోనీ మార్చకుండా కొనసాగించింది, మీకు ఎవరో చెప్పిన మాట అందుకే సగం నిజం. మీకు కావలసింది పాత మినోల్టా ఏఎఫ్ లెన్స్. 50 ఎఫ్1.7 గానీ 35-70 ఎఫ్4 గానీ చూడండి, అమెరికాలో తేలిగ్గానే దొరుకుతాయి. కొనేముందు వెనకవైపు గాడి ఉందో లేదో ఫోటో పంపమని అడగండి. నికాన్ వాళ్లకీ ఇదే మాట, ఎఫ్-801కి ఏఎఫ్-ఎస్ లెన్స్ పెడితే చేత్తో తిప్పుకోవాల్సిందే, ఎఫ్90, ఎఫ్100 అయితే దాన్ని నడుపుతాయి.

50 లెన్స్ కొంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక మీటరు దూరంలోని ముఖాన్ని తీస్తే స్పష్టంగా వచ్చే లోతు నాలుగు సెంటీమీటర్లే. ముక్కు మీద ఫోకస్ కుదిరితే చెవులు మసకే, అది కెమెరా తప్పు కాదు.

మీ నాన్నగారి కెమెరా సామాన్యమైనది కాదు. 1985లో వచ్చిన ఈ 7000 తోనే కెమెరా లోపల మోటారు, సెన్సర్ రెండూ ఉన్న ఎస్ఎల్ఆర్‌లు (అద్దం ద్వారా లెన్స్‌లోంచే చూసే కెమెరాలు) జనంలోకి వెళ్లాయి, నికాన్ ఎఫ్-501 తర్వాతి ఏడాది, కెనాన్ ఈఓఎస్ 650 ఆ పైఏడాది వచ్చాయి. ఆటోఫోకస్ పేటెంట్లు తమవని హనీవెల్ కంపెనీ కోర్టుకెళితే 1992లో మినోల్టా 12 కోట్ల 75 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అంత విలువ పలికిన ఊహ ఇప్పుడు మీ చేతిలో పనిచేస్తూ ఉంది, దానికి సరైన లెన్స్ ఒకటి వెతికిపెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో కోడక్ కేబీ10 ఉంది. బటన్ సగం నొక్కితే ఏమీ జరగడం లేదు, ఆటోఫోకస్ ఎలా బాగుచేయించాలి?

జవాబు: దానికి ఆటోఫోకస్ లేదండీ, అందులో కదిలే ఫోకసే లేదు. లెన్స్‌ని ఒకచోట స్థిరంగా బిగించి, ఎపర్చర్ చిన్నది పెట్టి, నాలుగైదు అడుగుల నుంచి దూరం దాకా అంతా ఓ మాదిరిగా స్పష్టంగా వచ్చేలా చేశారు. ‘ఫోకస్ ఫ్రీ’ అంటే అర్థం అదే. బాగుచేయాల్సింది ఏమీ లేదు. అంతకన్నా దగ్గరకి వెళ్లి పాప ముఖం తీస్తే మసకగా వస్తుంది, రెండడుగులు వెనక్కి జరగండి చాలు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. నా ఎఫ్-801 వ్యూఫైండర్‌లో ఏదీ స్పష్టంగా కనిపించడం లేదు, ఫోకస్ చుక్క మాత్రం వెలుగుతోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: పోయిన రీలు ఫోటోలు ఎలా వచ్చాయో మీరు రాయలేదు. అవి బాగుంటే చుక్కనే నమ్మండి, ఇది చత్వారం. వ్యూఫైండర్ పక్కన చిన్న తిప్పుడు బటన్ ఉందేమో చూడండి, ఉంటే మీ చూపుకి తగ్గట్టు దాన్ని సరిచేసుకోవచ్చు. లెన్స్‌ని తెల్లగోడ వైపు తిప్పి, బొమ్మని పట్టించుకోకుండా వ్యూఫైండర్ మధ్యలో గీసి ఉన్న ఫోకస్ గుర్తులు పదునుగా కనిపించేదాకా ఆ బటన్ తిప్పండి. కళ్లజోడుతో తీస్తే జోడు పెట్టుకుని, లేకుండా తీస్తే లేకుండానే ఈ పని చేయండి. ఇంట్లో పిల్లలు కెమెరా తీసుకుంటే వాళ్ల కంటికి తగ్గట్టు మార్చేస్తారు, మళ్లీ మీ చేతికి వచ్చినప్పుడు మొదట చూసుకోవాల్సింది అదే. ఫోటోలు కూడా మసకగా వస్తుంటే మాత్రం పైన రాజమండ్రి బాబుకి చెప్పిన ట్రేసింగ్ పేపర్ పరీక్ష చేసి, ఏం కనిపించిందో నాకు రాయండి.